క్రోమియంలో ఒక 4ఎస్ ఎలక్ట్రాన్ 3డీకి ఎందుకు వెళ్లింది?

తమ్ముడూ, హనుమకొండలో ఇంటర్ చదువుతున్నానని, క్రోమియం ఎలక్ట్రాన్ విన్యాసాన్ని (ఏ ఆర్బిటాల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లో చెప్పేది) 3డీ⁴ 4ఎస్² అని, అంటే 3డీలో నాలుగు, 4ఎస్‌లో రెండు అని రాస్తే మార్కు పోయిందని చెప్పావు. తక్కువ శక్తి ఆర్బిటాళ్లు ముందు నిండుతాయనే ఆఫ్‌బౌ నియమాన్ని బట్టి అలా రాయడం సహజమే. అసలు విన్యాసం మాత్రం 3డీ⁵ 4ఎస్¹.

కారణం ఇదీ. క్రోమియంలో 3డీ, 4ఎస్ శక్తులు చాలా దగ్గరగా ఉంటాయి. 4ఎస్‌లో రెండు ఎలక్ట్రాన్లు జతకడితే వాటి మధ్య వికర్షణ తప్పదు. ఒకటి డీలోకి వెళితే ఆ వికర్షణ పోతుంది. పైగా ఒకే స్పిన్ (ఒకే దిశ) ఉన్న ఎలక్ట్రాన్ల మధ్య వినిమయ శక్తి, అంటే వాటి వల్ల పరమాణువుకు వచ్చే స్థిరత్వం, పెరుగుతుంది: డీలో నాలుగు ఉంటే అలాంటి జంటలు 6, ఐదు ఉంటే 10. ఈ లాభం, 3డీలోకి వెళ్లడానికయ్యే శక్తి ఖర్చును మించుతుంది. రాగిలో 3డీ¹⁰ 4ఎస్¹ కూడా ఇలాంటి పోటీ ఫలితమే, అయితే అక్కడ 3డీ శక్తి 4ఎస్ కంటే బాగా కిందికి దిగి ఉండటం ముఖ్యం.

‘డీ సగం నిండితే స్థిరత్వం’ అన్న ఒక్క మాటనే బట్టీ పట్టవద్దని గట్టిగా చెబుతాను. నియోబియం 4డీ⁴ 5ఎస్¹. అక్కడ సగం నిండనే లేదు. క్రోమియం గ్రూపులోనే ఉన్న టంగ్‌స్టన్ 5డీ⁴ 6ఎస్²గానే ఉంటుంది, ఎందుకంటే భారీ పరమాణువుల్లో సాపేక్షతా ప్రభావం (ఎలక్ట్రాన్లు చాలా వేగంగా కదలడం వల్ల వచ్చేది) 6ఎస్ శక్తిని కిందికి లాగుతుంది. పరీక్షకు ముందుగా క్రోమియం, రాగి చూసుకో.