స్మోక్తునోవ్‌స్కీ ఏ స్కూల్లో చదివాడని అడిగే అబ్బాయికి, నిద్ర పట్టని అమ్మకు

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. ఈ ఏడాదే బీకాం పూర్తి చేశాడు. ఆ మధ్య పాత రష్యన్ ‘హామ్లెట్’ సినిమా చూసి, అందులో వేసిన స్మోక్తునోవ్‌స్కీని పట్టుకున్నాడు. ‘ఆయన ఏ పెద్ద స్కూల్లో చదివాడు? నాకూ అక్కర్లేదు’ అంటూ హైదరాబాద్‌లో మూడు నెలల యాక్టింగ్ కోర్సు చేసి ఆడిషన్లకు తిరుగుతానంటున్నాడు. మావారేమో పంపితే మాస్కోకే పంపుదాం, పట్టా అయినా చేతికొస్తుందంటున్నారు. రెండింట్లో ఏది మంచిది? మా బంధువుల పిల్లలంతా ఉద్యోగాల్లో కుదురుకున్నారు. వీడేమైపోతాడోనని నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా, మీ భయం మాత్రం ‘ముప్పై ఏళ్లొచ్చేసరికి వీడు ఎటూ కాకుండా పోతాడేమో’ అన్నది. ముందు దాని గురించే మాట్లాడుకుందాం. మీవాడు సరైన మనిషినే ఎంచుకున్నాడు, కానీ ఆయన జీవితంలో సగమే చూశాడు.

ఇన్నోకెంతి స్మోక్తునోవ్‌స్కీ 1925లో సైబీరియాలోని తాత్యానొవ్‌కా అనే పల్లెలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్‌స్క్ దగ్గర పోరాడాడు, 1943 చివర్లో జర్మన్లకు చిక్కాడు, తప్పించుకుని మళ్లీ పోరులో కలిశాడు. యుద్ధఖైదీగా ఉండి వచ్చినవాళ్లను అప్పటి ప్రభుత్వం అనుమానంగా చూసేది. క్రాస్నొయార్స్క్ నాటకశాల స్టూడియోలో కొద్దికాలం నేర్చుకుని, 1946లో ఉత్తర ధ్రువవలయం అవతల ఉన్న నోరిల్స్క్‌కు వెళ్లిపోయాడు. ఇక అంతకన్నా దూరం ఎవరూ పంపలేరన్న లెక్కతోనే అక్కడికి వెళ్లాడు. ఐదేళ్లు అక్కడి నాటకశాలలో వేశాడు. తర్వాత మఖచ్‌కలా, గ్రోజ్నీ, స్టాలిన్‌గ్రాడ్ నగరాల నాటకశాలల్లో. 1955లో మాస్కో వస్తే పెద్ద థియేటర్లు తలుపు తీయలేదు. 1956లో వచ్చిన ఒక యుద్ధ చిత్రంలో చిన్న అధికారి పాత్ర వేశాడు. ఆ కళ్లు లెనిన్‌గ్రాడ్ దర్శకుడు తొవ్‌స్తొనోగొవ్‌కు గుర్తుండిపోయాయి. దొస్తొయెవ్‌స్కీ నవల ‘ఇడియట్’ను నాటకంగా వేస్తూ కథానాయకుడు మిష్కిన్ పాత్రకు ఆయనను పిలిచాడు. ఆ నాటకం తొలి ప్రదర్శన 1957 డిసెంబర్ 31న. అప్పటికి ఆయనకు 32 ఏళ్లు. మీవాడు చూసిన హామ్లెట్ 1964లో వచ్చింది. అప్పటికి 39.

అంటే మీవాడి వయసులో మొదలుపెట్టిన మనిషికి పేరు రావడానికి పదకొండేళ్లు పట్టింది. ఆ పదకొండేళ్లలో ఏం జరిగిందన్నదే మీ ఇంట్లో మాట్లాడుకోవాల్సింది.

ఆయన అడుక్కుతినలేదమ్మా. సోవియట్ పద్ధతిలో చాలా నగరాలకు ప్రభుత్వ నాటకశాల ఉండేది. అందులో స్థిరమైన బృందం, నెలజీతం. జీతం తక్కువే, కానీ నెలనెలా వచ్చేది. చిన్న ఊళ్లో ప్రేక్షకులు కొద్దిమందే కాబట్టి ఒకే నాటకం ఎక్కువ కాలం ఆడదు, కొత్తది త్వరత్వరగా దించాలి. దాంతో కుర్ర నటుడికి ఒక సీజన్లో ముసలివాడి వేషం, విదూషకుడి వేషం, రెండు మాటల వేషం అన్నీ పడేవి. నోరిల్స్క్ బృందంలో ఝ్ఝోనొవ్ లాంటి, నిర్బంధ శ్రమ శిబిరాల్లో శిక్ష అనుభవించిన అనుభవజ్ఞులైన నటులుండేవారు. పెద్ద స్కూల్లో చదవలేదన్న మాట నిజమే కానీ, పదేళ్లు జీతం తీసుకుంటూ, రాత్రి రాత్రికీ జనం ముందు తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నాడు. మీవాడు ఈ భాగం వదిలేసి ‘స్కూలు అక్కర్లేదు’ అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నాడు.

అంత అనుభవం ఉన్నా మిష్కిన్ పాత్ర ఆయనకు చాలాకాలం చిక్కలేదు. ఒకరోజు లెన్‌ఫిల్మ్ సినిమా స్టూడియోలో, జనం గోల మధ్య కదలకుండా నిలబడి పుస్తకం చదువుకుంటున్న ఒక మనిషిని చూశాడు. ఆ నిశ్చలత్వంలో మిష్కిన్ దొరికాడని తర్వాత చెప్పుకున్నాడు. ఎవరినైనా అలా చూడటం, చూసిన దాన్ని ఒంట్లోకి తెచ్చుకోవడం సాధనతో వచ్చేది.

ఇప్పుడు మూడు నెలల కోర్సు సంగతి. ఈ మధ్య దీని మోజు ఎక్కువైంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు అనుకోండి. 13 వారాలకు 130 గంటలు. బ్యాచ్‌లో 20 మంది ఉంటే ఒక్కొక్కరు అందరి ముందూ నిలబడి చేసేది ఆరున్నర గంటలు. అందులోనే డాన్సు, ఫైట్లు, ఫొటోషూట్, చివర్లో షోరీలు, అంటే నటించిన ముక్కల వీడియో. కెమెరా ముందు బెదురు పోతుంది, ఎటు చూడాలో తెలుస్తుంది, అది లాభమే. కానీ ఊపిరి, ఉచ్చారణ ఆ గడువులో మారవు. పెద్ద డైలాగు చివరికొచ్చేసరికి గొంతు పడిపోతుంది. ళ, ల కలిసిపోతాయి. కోపం వచ్చే సన్నివేశమంటే అరుపే అవుతుంది. ఒకే సన్నివేశాన్ని పదోసారి కూడా కొత్తగా చేయడమెలాగో అసలు ఎదురేపడదు. ఆడిషన్లలో కుర్రాళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. దాన్ని చదువని పిలవడానికి నాకు మనసొప్పదు. ఇప్పుడే డబ్బు కట్టకండి. ఏడాది నాటకాలు వేశాక కెమెరా అలవాటు కోసం చేరితే, అప్పుడు పనికొస్తుంది.

మాస్కో మాట మీవారికి చెప్పండి. అక్కడి నటన విద్యాలయాలు గీటిస్, వీజీఐకే, మాస్కో ఆర్ట్ థియేటర్ స్కూల్ వంటివి గొప్ప సంస్థలే. నటన నాలుగేళ్లు. మొదటి ఏడాది మాటల్లేని చిన్న సన్నివేశాలు, మనుషుల్నీ జంతువుల్నీ గమనించి చేసి చూపించడం. ఆ తర్వాత నాటకాల్లోని ఘట్టాలు, చివరి ఏడాది పూర్తి నాటకాలు. ప్రవేశానికి నీతికథ, కవిత, వచన భాగం కంఠతా చెప్పాలి, అదీ రష్యన్‌లో. మన పిల్లలు అక్కడ మెడిసిన్ ఇంగ్లిష్‌లో చదివి వస్తున్నారు కదా అని దీన్నీ అలా లెక్కేయకండి. డాక్టరుకు యాస అడ్డం రాదు. నటుడికి భాషే పనిముట్టు. భాష కోసం ఒక ఏడాది, నటనకు నాలుగేళ్లు. మొత్తం ఐదేళ్లు రష్యన్ ఉచ్చారణకు నాలుక తిప్పి, తిరిగొచ్చి తెలుగులో మొదలుపెట్టాలి. మీవాడికి ఆ భాషంటే ప్రాణమైతే వెళ్లనివ్వండి. పట్టా కోసమైతే వద్దు.

మీతో ఒక కఠినమైన మాట. మీ ఉత్తరంలో బంధువుల పిల్లలెందుకొచ్చారమ్మా? వాళ్ల జీతాలతో మీవాడి గొంతు బాగుపడుతుందా? రోజూ భోజనాల దగ్గర ఆ పోలిక వింటే ఆ కుర్రాడు ఇల్లు వదిలి అందిన కోర్సులో చేరిపోతాడు. ఆ తొందర తెచ్చిపెట్టేది మీరే. మీవారికీ అంతే: కొడుకు ఏం చేయగలడో ఒక్కసారైనా చూడకుండా లక్షలు పోసి దేశం దాటించడం బాధ్యత దించుకోవడమే అవుతుంది.

సోవియట్ నెలజీతం ఇక్కడ లేదు కాబట్టి దాని బదులు ఏదో ఒకటి మీరే ఏర్పాటు చేయాలి. మీవాడు బీకాం చదివాడు. ఆడిటర్ దగ్గరో, జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ల దగ్గరో పగలు పని దొరుకుతుంది. నాటక పోటీలు పెట్టే పరిషత్తులకు వెళ్లే బృందాల్లో ఎక్కువమంది ఉద్యోగులే, రిహార్సళ్లు సాయంత్రాలే జరుగుతాయి. అలాంటి బృందంలో చేరమనండి. మొదట తెర లాగమన్నా, సామాను మోయమన్నా కాదనకూడదు. ఏడాదిలో ఆరు నాటకాలు లక్ష్యంగా పెట్టుకోమనండి. ఆ అంకె ఊరికే చెప్పడం లేదు: ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల కోర్సుకు డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతుంది. అక్కడ చేరినవాళ్లకు నెలనెలా స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. ప్రతి ప్రదర్శన కరపత్రం, సర్టిఫికెట్ దాచమనండి. తర్వాత వెతికితే దొరకవు. ఢిల్లీ కోర్సు కోసం హిందీ మాట్లాడటం ఇప్పట్నుంచే సాధన చేయాలి. తెలుగు వాతావరణంలోనే ఉండాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖలున్నాయి.

ఇంట్లో రోజూ ఉదయం ఇరవై నిమిషాలు ఒక పేజీ వచనం బయటికి చదివి ఫోన్లో రికార్డు చేసుకోవాలి. ఒక పౌరాణిక పద్యం రాగం లేకుండా, అర్థం విరిగేచోట మాత్రమే ఊపిరి తీసుకుంటూ చెప్పడం నేర్చుకోవాలి. ఊపిరి సాధనకు మన పద్యాన్ని మించింది నాకు కనబడలేదు.

మీవైపు నుంచి ఒక గడువు పెట్టండి, ఏడాది చాలు. ఆ ఏడాదీ పెళ్లి మాట, ఉద్యోగం పోలిక ఎత్తకండి. ఆరు నాటకాలు కాకుండానే మానేస్తే గొడవ లేకుండా వేరే దారి పడతాడు. 22 ఏళ్లకు, డిగ్రీతో, ఏడాది ఆఫీసు పనితో ఉన్న కుర్రాడికి ఏ తలుపూ మూసుకుపోదు. నిద్రపోండమ్మా.

మొదటి నాటకం రోజు మాత్రం మీరిద్దరూ తప్పకుండా వెళ్లండి. ముందు వరసలో వద్దు, చివరి వరసలో కూర్చోండి. బాగుందా లేదా అన్నది తర్వాత. ఏ మాటలు వినబడలేదో గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చాక అవి చెప్పండి.