కాలుష్యం తగ్గించడానికి పెట్టే ఖర్చు గిట్టుబాటవుతుందా?

"ఫ్యాక్టరీల నెత్తిన ఈ ఖర్చు రుద్దితే మూతపడి ఉద్యోగాలు పోతాయి, దాంతో ఒరిగే ఆరోగ్యం ఎంతని?" అని అడిగారు. మాది గరివిడి దగ్గర పల్లె. ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలపడానికి ఇనుముతో మాంగనీసు లాంటివి కలిపి చేసే లోహాలు) ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు మెయింటెనెన్స్ చేశాను.

మీ భయం ఉత్తిది కాదు. ఈ పరిశ్రమకి కరెంటే ప్రాణం, ఛార్జీలు పెరిగితే ఫర్నేసులే ఆపేస్తారు. ఫర్నేస్ పొగను, దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్‌లోకి లాగడానికి పెద్ద ఫ్యాన్ తిరగాలి, అదీ కరెంటే. లోపలి గుడ్డ సంచులకి నిప్పురవ్వ తగిలితే చిల్లు పడుతుంది, మార్చాలి. అందుకే రాత్రి షిఫ్టులో ఫ్యాన్ ఆపి పొగ పైకి వదిలేయమనేవారు. ఆ స్విచ్ నేనూ నొక్కాను.

పొద్దున్న ఇంటికొచ్చేసరికి అమ్మ డాబా మీద వడియాల గుడ్డ దులుపుతూ ఉండేది. తులసాకు మీద వేలితో రాస్తే నల్లగా అంటుకునేది. రాత్రి మిగిల్చిన కరెంటు ఆఫీసులో లెక్కకొచ్చేది. నాన్న ఇన్‌హేలర్, విజయనగరం ఆసుపత్రికి ఆటో, ఆ రోజు పోయిన కూలి ఏ లెక్కలోకీ రాలేదు. పైగా అది మామూలు మసి కాదు. మాంగనీసు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి.

పెద్ద లెక్క కావాలంటే అమెరికాది ఉంది. గాలి శుభ్రత చట్టానికి 1990లో చేసిన సవరణల మీద అక్కడి పర్యావరణ సంస్థ 2011లో అంచనా వేసింది. 2020 ఒక్క ఏడాదికే ఖర్చు 6,500 కోట్ల డాలర్లు, ప్రయోజనం దాదాపు 2 లక్షల కోట్ల డాలర్లు. అందులో సింహభాగం సన్నటి దుమ్ము తగ్గి ఆగిన అకాల మరణాలదే. ప్రాణానికి డబ్బు విలువ కట్టి వేసిన లెక్క కాబట్టి అదే నిష్పత్తి మనకీ వస్తుందనను. సన్నటి దుమ్ముకి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5. అంటే మనకి తగ్గించుకోవాల్సింది చాలా మిగిలే ఉంది.

ఊరివాళ్లు గొడవ చేశాక సంచులు మార్చారు, ఫ్యాన్ రాత్రీ తిరిగింది. ఫ్యాక్టరీ మూతపడలేదు. నాన్న దగ్గు తగ్గింది (అదే ఏడాది చుట్ట మానేశాడు, అది కూడా చెప్పాలి).

మీ దగ్గర యాజమాన్యం "మేం నడుపుతున్నాం" అంటే ఫిల్టర్ ఫ్యాన్ మీటర్ రీడింగ్ అడగండి. దానికి విడి మీటర్ పెట్టాలని కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి షరతుల్లో సాధారణంగా ఉంటుంది. ఫర్నేస్ నడిచిన గంటలతో పోల్చి చూడండి, ముఖ్యంగా రాత్రివి.