మీ ప్రశ్నలు - మా జవాబులు: టాంజానియాకు సేవకు వెళ్లే పిల్లలకు

పరాయి దేశంలో పరిచర్యకు వెళ్తున్న పిల్లల గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఎక్కువ భాగం టాంజానియా గురించే కాబట్టి వాటికి ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది సింగరాయకొండ. నాకు 24 ఏళ్లు, బైబిలు ట్రైనింగు పూర్తయింది. మా సంఘం నన్ను రెండేళ్లకు టాంజానియాలోని ఇరింగా వైపు పంపుతోంది. ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చని కొందరంటున్నారు. స్వాహిలీ నేర్చుకోవాల్సిందేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నేర్చుకోవాల్సిందే తమ్ముడూ. దారుస్సలాంలో పెద్ద ఆఫీసుల్లో, హోటళ్లలో ఇంగ్లీషుతో పని జరుగుతుంది. ఊళ్లలో జరగదు. అక్కడ సర్కారు ప్రైమరీ బళ్లలో చదువే స్వాహిలీలో. చర్చిలో పాట, ప్రార్థన, ప్రకటనలు, కమిటీలో వాదులాట అన్నీ స్వాహిలీలోనే. భాష రాని మిషనరీ ఇంగ్లీషు వచ్చిన నలుగురి మధ్యే తిరుగుతాడు, ఆ నలుగురు చెప్పిందే ఊరనుకుంటాడు. అందుకని మొదటి ఆరు నెలలు భాషకే వదిలేయమని, వేరే బాధ్యత పెట్టొద్దని మీ పెద్దలతో మాట్లాడి, బయల్దేరకముందే కాగితం మీద రాయించుకోండి. వెళ్లాక అడిగితే కుదరదు. దిగిన వారానికే యూత్ మీటింగులు నెత్తినపెడతారు.

తెలుగువాడికి ఈ భాషలో కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. అచ్చులు ఐదే. మాటలు దాదాపుగా అన్నీ మనలాగే అచ్చుతో ముగుస్తాయి. రాసింది రాసినట్టు చదవడమే. చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తి పలికితే చాలు, ఉచ్చారణ సగం కుదిరినట్టే. మన వర్ణమాలలో వాడకుండా పడివున్న ఙ, ఞ అక్కడ పనికొస్తాయి. ఆవును ‘ఙోంబె’ అంటారు, ఇంటిని ‘ఞుంబా’ అంటారు. మనవాళ్లకు అలవాటు కావాల్సింది ‘మ్బుజి’ (మేక), ‘న్డిజి’ (అరటి) లాంటి మాటలు. ముందు ‘ఎ’ చేర్చి ‘ఎంబుజి’ అనకండి. పెదాలు మూసి ‘మ్’ మొదలుపెట్టి నేరుగా ‘బు’లోకి వెళ్లాలి. అందులోని ‘జి’ని జామకాయలో ‘జ’లా పలకొద్దు. జొన్నలో ‘జ’ దానికి కాస్త దగ్గర.

క్రియ కట్టుబాటు చూస్తే భయం పోతుంది. మన ‘చదువుతున్నాను’లో చదువు, తున్నా, ను అని మూడు ముక్కలున్నాయి. స్వాహిలీలో ‘నినసోమ’. ‘ని’ అంటే నేను, ‘న’ ఇప్పుడు జరుగుతున్నదానికి గుర్తు, ‘సోమ’ చదువు. అవే మూడు ముక్కలు, వరస తిరగబడింది. ‘న’ తీసి ‘లి’ పెడితే చదివాను, ‘త’ పెడితే చదువుతాను. పది క్రియలు తీసుకుని ఈ మూడు కాలాల్లో, ఆరుగురు కర్తలతో రోజూ పైకి వల్లించండి. రెండు వారాల్లో నోరు తిరుగుతుంది.

అసలు కష్టం నామవాచకాల తరగతుల్లో. మనకు మహత్తు (మగవాళ్లను చెప్పే మాటలు), అమహత్తు (మిగతావి) ఉన్నట్టే వాళ్లకూ ఉన్నాయి, కాకపోతే చాలా ఎక్కువ. పైగా నామవాచకం ఏ తరగతిదైతే దాని గుర్తు వాక్యమంతా పాకుతుంది. ‘కితాబు చంగు కిమెఅంగుకా’ అంటే నా పుస్తకం పడిపోయింది. పుస్తకాలైతే ‘వితాబు వ్యంగు విమెఅంగుకా’. కాబట్టి ఏ మాటనూ ఒంటరిగా రాసుకోవద్దు. ఏకవచనం, బహువచనం, పక్కన ‘నా’ చేర్చిన రూపం, మూడూ ఒకే వరసలో రాయండి. ఒంటి మాటలు వెయ్యి బట్టీపట్టినవాళ్లు ఆరో నెలలో కూడా వాక్యం కట్టలేక నిలబడిపోతారు.

రోజు ఇలా గడవాలి. పొద్దున టీచరుతో మూడు గంటలు. మధ్యాహ్నం ఒక గంట పాఠం తిరగేయడం. సాయంత్రం రెండు గంటలు సంతలో, బస్టాండులో, పక్కింటి అరుగు మీద. ఈ చివరి రెండు గంటలు ఎగ్గొడితే మొదటి మూడూ నీళ్లపాలే. పొద్దున నేర్చుకున్న ఒకే వాక్యాన్ని సాయంత్రం పదిమందితో అనండి. మొరోగోరోలో లూథరన్‌ల, ముసోమా దగ్గర మకోకోలో కాథలిక్‌ల భాషాపాఠశాలలు మిషనరీలకు నేర్పడంలో పేరున్నవి. మీ సంఘం ద్వారా ముందే ఉత్తరం రాసి తేదీలు కనుక్కోండి.

మీ చేతిలో ఉన్న మంచి వాచకం బైబిలే. 1952 నాటి యూనియన్ వెర్షన్ స్వాహిలీ బైబిలునూ తెలుగు బైబిలునూ పక్కపక్కన పెట్టుకుని మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, కథ నడక సూటిగా ఉంటుంది. రోజుకు పది వచనాలు, పైకి చదవాలి. యోహాను 3:16లో ‘అలియుపెండా’ అనే మాట దగ్గర ఆగి చూడండి. ‘అ’ ఆయన, ‘లి’ గతం, ‘ఉ’ దానిని, అంటే లోకాన్ని, ‘పెండా’ ప్రేమించు. ఆ మాట విడదీయడం వచ్చిందంటే వ్యాకరణంలో సగం చేతికొచ్చినట్టే. బైబిలు భాషతోనే సంతలో బేరమాడొద్దు గానీ, అది పాత ధోరణిలో ఉంటుంది.

ప్రశ్న: మా తమ్ముడు మ్బేయాలో ఉన్నాడు. మీటింగు మూడింటికి అన్నారని మధ్యాహ్నం వెళ్తే పొద్దున్నే అయిపోయిందన్నారట. వాళ్లు చెప్పడంలో పొరపాటా? (ఒంగోలు)

జవాబు: పొరపాటు లేదు. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్క. మన ఏడు వాళ్లకు ‘సా మోజా’, అంటే ఒకటో గంట. మన తొమ్మిది వాళ్లకు ‘సా తాతు’, మూడో గంట. గడియారంలో ఆరు తీసేస్తే వాళ్ల లెక్క. సాయంత్రం ఏడుకు మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇంగ్లీషులో మాట్లాడితే మామూలు లెక్కే చెప్తారు, రెండూ కలిసేచోట తికమక వస్తుంది. మార్కు 15:25లో తెలుగు బైబిలు ‘తొమ్మిది గంటలు’ అన్నచోట స్వాహిలీ బైబిలు ‘సా తాతు’ అంటుంది. ఎవరైనా టైము చెప్పగానే పొద్దునా, సాయంత్రమా అని అడిగి, ‘అసుబుహి’ (పొద్దున), ‘జియోని’ (సాయంత్రం) అన్న మాటతో ఖాయం చేసుకోమనండి.

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి మూడు నెలల కిందట వెళ్లింది. మొదట్లో ఉషారుగా ఉండేది. ఇప్పుడు ఫోన్లో ఏడుస్తోంది. అన్నం, పప్పు, పచ్చడి లేక చిక్కిపోయింది. వెనక్కి పిలిపించమంటారా?

జవాబు: తొందరపడొద్దమ్మా. మొదటి నెలల్లో అంతా కొత్తగా, ముచ్చటగా ఉంటుంది. మూడు నాలుగు నెలలకు కొత్త పోతుంది, భాష ఇంకా రాదు. చాలామంది కుంగేది అక్కడే. భాష కాస్త నోట పలికే వేళకు తేరుకుంటారు.

ముందుగా ఒకటి అడగండి, మలేరియాకు ఏ మాత్ర వేసుకుంటోంది అని. మెఫ్లోక్విన్ అనే వారపు మాత్ర కొందరికి పీడకలలు, దిగులు, ఆందోళన తెస్తుంది. అదే అయితే సొంతంగా మానేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పి వేరే మందుకు మారాలి. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, గది దాటి బయటికి రాకపోయినా అది బెంగ ఒక్కటే కాదు. అక్కడి మిషన్ పెద్దలకు మీరే నేరుగా ఫోన్ చేయండి.

రోజూ వీడియో కాల్ తగ్గించండి. వినడానికి కష్టంగా ఉంటుంది గానీ, మనసంతా కావలిలో ఉంటే కాలు ఆ వీధిలో పడదు. వారానికి రెండుసార్లు, ఖాయమైన వేళకు మాట్లాడండి. వాళ్ల గడియారం మనకు రెండున్నర గంటలు వెనక, మీకు రాత్రి తొమ్మిదిన్నరైతే ఆమెకు ఏడు. ‘ఏం తిన్నావు’ అని కాక, ‘ఈవారం ఎవరింటికి వెళ్లావు, కొత్తగా ఏం మాట నేర్చావు’ అని అడగండి.

తిండికి దారి ఉంది. కంది పండించి మన దేశానికి పంపే దేశాల్లో టాంజానియా ముఖ్యమైనది. సంతలో ‘మ్బాజి’ అని అడిగితే కందులు, ‘చోరోకో’ అంటే పెసలు, ‘కుండే’ అంటే అలసందలు. ‘మ్చిచా’ మన తోటకూరే. ‘బామియా’ బెండ, ‘ఉక్వాజు’ చింతపండు, ‘పిలిపిలి’ మిరప. తోటకూర పప్పుకు ఇంకేం కావాలి? వడ్లు, బియ్యం, అన్నం అని మనకు మూడు మాటలున్నట్టే వాళ్లకూ ‘మ్పుంగా’, ‘మ్చెలె’, ‘వాలి’ ఉన్నాయి. వరి తెలిసిన దేశమే.

ఉగాలిని మాత్రం తప్పించుకోవద్దని చెప్పండి. అది మన సంగటికి చుట్టం, మొక్కజొన్న పిండితో చేస్తారు. లీటరు నీళ్లకు సుమారు అరకేజీ పిండి. గుప్పెడు పిండి చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి జావ కాచాలి. మిగతా పిండి కొద్దికొద్దిగా వేస్తూ చెక్క తెడ్డుతో పది నిమిషాలు గట్టిగా తిప్పాలి. పిండంతా ఒక్కసారి పోస్తే ఉండకట్టి లోపల పచ్చిగా ఉంటుంది, కడుపునొప్పి ఖాయం. తెల్లగా ఆడించిన ‘సెంబె’ కన్నా పొట్టుతో ఉన్న ‘డోనా’ పిండి బలం. వాళ్లింట్లో పళ్లెం చుట్టూ కూర్చుని కుడిచేత్తో ముద్ద చేసి తిన్న పిల్లను అక్కడెవరూ పరాయిదిగా చూడరు.

మీరు పచ్చళ్లు పంపేట్టయితే ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్లో చుట్టొద్దు. 2019 జూన్ నుంచి అక్కడ వాటిమీద నిషేధం ఉంది.

ప్రశ్న: మన జిల్లాకు వచ్చిన మిషనరీ దొరలు తెలుగు ఎలా నేర్చుకున్నారు? వాళ్ల నుంచి ఇప్పటివాళ్లు తీసుకోదగ్గదేమైనా ఉందా? (ఒంగోలు, కాలేజీ విద్యార్థి)

జవాబు: అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, 1840లో నెల్లూరు చేరాడు. అప్పటికి బ్రౌన్ నిఘంటువు లేదు, అది 1852లో వచ్చింది. ఉన్నవి ముఖ్యంగా క్యాంప్‌బెల్ 1816లో అచ్చువేయించిన వ్యాకరణం, తర్వాత వేసిన నిఘంటువు. మిగతా చదువంతా మున్షీ, అంటే భాష నేర్పే పంతులు దగ్గరే. 1849లో వచ్చిన జూయెట్ తెలుగు బైబిలు సవరణలో పనిచేసేంత భాష పట్టాడు.

అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. తీసుకోదగ్గది ఇక్కడుంది. సువార్త మాటను ఊరూరా మోసింది దొర ఒక్కడే కాదు, ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మన మాదిగపల్లెల మనుషులు. చుట్టరికాల దారిలో, ఇంటి మాటల్లో అది పాకింది. ఇప్పుడు మనవాళ్లు బయటికి వెళ్లినా అంతే. ఊరి సువార్తికుడి వెనక నడవాలి, ముందు కాదు.

ప్రశ్న: టీకాలు, మందులు, కాగితాలు ఏవి ముందే చూసుకోవాలి? (కోవూరు)

జవాబు: టూరిస్టు వీసా మీద వెళ్లి పరిచర్య చేయొద్దు. పిలిచిన చర్చి ద్వారా మిషనరీలకిచ్చే క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్ రావాలి.

ఎల్లో ఫీవర్ టీకా గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. మీకు దగ్గర చెన్నై, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. నైరోబీ, అడిస్ అబాబా మీదుగా పోయే విమానాలు ఎక్కువ, ఆ రెండు దేశాల్లోనూ ఆ జ్వరం ఉంది. సర్టిఫికెట్ టీకా వేసిన పదో రోజు నుంచి చెల్లుతుంది, 2016 నుంచి జీవితాంతం చెల్లుబాటు. ప్రయాణానికి నెల ముందే వేయించుకోండి.

మలేరియా మాత్ర ఏదో డాక్టరే చెప్పాలి. డాక్సీసైక్లిన్ అయితే బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, మలేరియా ప్రాంతం వదిలాక నాలుగు వారాల దాకా వేసుకోవాలి. భోజనం చేసి, గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదు, గొంతులో పుండు పడుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది కూడా. ఏ మాత్రా పూర్తి కాపలా కాదు, మందు పూసిన దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని రేపు చూద్దామనే మన అలవాటు అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. తిరిగొచ్చాక నెల్లూరులో నెలల తర్వాత జ్వరం వచ్చినా, ఆఫ్రికా నుంచి వచ్చానని డాక్టరుకు ముందుగా చెప్పాలి.

మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు చాలాచోట్ల పట్టదు, బ్రిటిష్ రకం అడాప్టరు కొనండి. ఇరింగా, మ్బేయా, న్జోంబె ఎత్తు ప్రాంతాలు. జూన్, జూలైలో స్వెట్టరు లేకుండా నెల్లూరువాళ్లు తట్టుకోలేరు.

ప్రశ్న: ఎన్నాళ్లకు స్వాహిలీలో ప్రసంగించవచ్చు? (ఆత్మకూరు)

జవాబు: ప్రసంగానికి ముందు పలకరింపు నేర్చుకోండి. పెద్దవాళ్లు ఎదురైతే ‘షికమో’, వాళ్లు ‘మరహబా’ అంటారు. గడప దగ్గర ‘హోడి’ అని పిలిచి, ‘కరిబు’ అన్నాకే లోపలికి. ఇల్లు, పని, పిల్లలు, ఆరోగ్యం ఒక్కొక్కటే అడిగాక గానీ వచ్చిన పని ఎత్తకూడదు. చర్చిలో ఎవరైనా ‘బ్వానా యేసు అసిఫివె’ (ప్రభువైన యేసుకు స్తుతి) అంటే ‘అమీనా’ అనాలి.

మూడో నెలలో మూడు నిమిషాల సాక్ష్యం రాసుకోండి. టీచరు దిద్దాక చూసి చదవండి, తప్పేం లేదు. ఆరు నెలలకు పది నిమిషాలు. దుబాసీని పెట్టుకుని గంట ప్రసంగం చేసేకన్నా ఇదే మేలు, దుబాసీ ఉంటే భాష ఎప్పటికీ రాదు.

అచ్చుల దగ్గర జాగ్రత్త. ‘ఓంబా’ అడుగు లేదా ప్రార్థించు, ‘ఊంబా’ సృష్టించు, ‘ఇంబా’ పాడు. ‘అతకుఫా’ అంటే చనిపోతాడు, చివర ఇంకో ‘అ’ పలికి ‘అతకుఫాఅ’ అంటే నీకు ఉపయోగపడతాడు. ‘చువో’ కాలేజీ, ‘చో’ మరుగుదొడ్డి. ఇలాంటివి ముందురోజు రాత్రి పైకి చదివి, పక్కింటి పిల్లలకు వినిపించండి. పెద్దవాళ్లు మర్యాదకు ఊరుకుంటారు, పిల్లలు వెంటనే దిద్దుతారు.