కనిపించని దానికి వ్యాఖ్యానం రాయడం

కోడంబాకం, చెన్నై

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల పల్లెల మీద మీ బృందం తీస్తున్న డాక్యుమెంటరీకి నువ్వు రాసిన వ్యాఖ్యానం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు వశమైంది. నా అభ్యంతరమల్లా ఆ వాక్యాల్లోని నిశ్చయం మీదే. "ఈ నీళ్ళలోనే మృత్యువు ఉంది" అని మొదటి నిమిషంలోనే రాశావు. అప్పుడు తెర మీద ఉన్నవి ఒక బోరు, ఒక బిందె, తేటనీళ్ళు. ప్రేక్షకుడు తన కంటిని నమ్మాలా, నీ గొంతును నమ్మాలా?

ఆనకట్ట కింద మునిగిన ఊరిని కెమెరా చూపించగలదు. రేడియోధార్మికతకు రంగూ వాసనా లేవు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడ చిత్రీకరించిన వ్లదీమిర్ షెవ్‌చెంకో, రీళ్ళు కడిగాక వాటి మీద తెల్లని మెరుపులు చూసి ఫిల్మ్ చెడిపోయిందనుకున్నారు. అవి రేడియేషన్ వేసిన మచ్చలని తర్వాత తెలిసింది. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. అలాంటి సాక్ష్యం నీకు దొరకదు, దొరకకూడదు కూడా.

నీకు దొరికేది ప్రక్రియ. తుమ్మలపల్లె ఖనిజం ఎంత పలచనిదంటే, వెయ్యి కిలోల రాయిని పిండి చేసినా అర కిలో యురేనియం రాదు. మిగిలినదంతా బురదగా మారి కె.కె.కొట్టాల దగ్గరి టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేశారు కదా, ఇక అందులో ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ థోరియం, రేడియం వంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి కాబట్టి రాయిలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అక్కడే మిగులుతుంది, అందులో రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. ఈ మాటలను ఆ చెరువు దృశ్యం మీద నిదానంగా చదివించు. మృత్యువు ప్రస్తావనే అక్కర్లేదు. ఇంకొక సంగతి. అక్కడ యురేనియాన్ని క్షార పద్ధతిలో, అంటే సోడా ద్రావణంతో తీస్తారు కనుక నీటిలో చేరే సోడియం లవణాల ప్రశ్న వేరు, యురేనియం ప్రశ్న వేరు. అరటితోట ఎండిపోయిందన్న రైతు ఫిర్యాదుకూ, తాగునీటి మీది అనుమానానికీ వేర్వేరు పరీక్షలు కావాలి. నీ రాతలో రెండూ ఒకే విషంగా కలిసిపోయాయి. గని నడిపే సంస్థ ఈ ఆరోపణలను ఒప్పుకోవడం లేదన్న మాటకైతే చోటే లేదు. ఆ చోటు ఇవ్వడం వల్ల రైతు మాట బలహీనపడుతుందని భయపడకు.

ఇంత కచ్చితంగా చెప్పడానికి నా పాత తప్పొకటి కారణం. నీ వయసులో అణువిద్యుత్ కేంద్రం పక్కనున్న ఒక తీర గ్రామం మీద తీసిన చిన్న చిత్రానికి రాస్తూ, జబ్బుపడిన ఒక పిల్లవాడి ముఖం మీద "దీనికి కారణం ఆ కనిపించే గోపురమే" అని చదివించాను. వైద్యుణ్ణి అడగలేదు, అడగాలని తోచలేదు. ఆ ఊళ్ళోనే ప్రదర్శించిన రాత్రి పిల్లవాడి తల్లి నా దగ్గరకు వచ్చి, "ఇక నా పెద్దపిల్లకు సంబంధం ఎవరు తెస్తారయ్యా?" అని తమిళంలో అడిగింది. కిరణాలు చేశాయో లేదో తెలియని హాని నా వాక్యం చేసింది.

అలాగని జబ్బుల సంగతి వదిలేయమనడం లేదు. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనుల చుట్టూ పుట్టుకతో వచ్చే వైకల్యాలు ఎక్కువని వైద్యులు సర్వే చేసి చెప్పారు, గని సంస్థ కాదన్నది. రెండూ చెప్పు, ఎవరు ఏం కొలిచారో చెప్పు. కానీ మనుషులు చెల్లించే మూల్యం జబ్బు ఒక్కటే కాదు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో అణువిద్యుత్ కేంద్రం ప్రమాదానికి గురైనప్పుడు లక్షన్నరకు పైగా జనం ఇళ్ళు వదిలారు. సునామీ, భూకంపం ఆ జిల్లాలో నేరుగా బలిగొన్నవారి కంటే, ఆ తర్వాత వలస బాధలతో పోయారని ప్రభుత్వమే గుర్తించిన వారి సంఖ్య ఎక్కువ, 2300 దాటింది. అందులో అత్యధికులు వృద్ధులు. ఆసుపత్రి మంచం నుంచి బస్సుకు, బస్సు నుంచి ఏదో హాలు నేల మీదికి మారుతూ అలసిపోయినవాళ్ళు. అక్కడి ఫుతాబా పట్టణవాసులు మూతపడిన ఒక పాఠశాలలో చాలాకాలం గడిపారు. అత్సుషి ఫునహాషి తన డాక్యుమెంటరీలో వారి పక్కనే ఉండి, భోజనం పొట్లాల కోసం వాళ్ళు ఎదురుచూడటాన్ని చిత్రీకరించాడు. చెర్నోబిల్ అనగానే అందరూ వెతికే భయానక దృశ్యాల కంటే నాకు అదే ఎక్కువ నమ్మదగినదిగా అనిపిస్తుంది. (ఇది రాస్తున్న గదిలో ఫ్యాను తిరుగుతోంది, కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లే, ఈ ఫ్యాను తిప్పే కరెంటులో దాని వాటా ఎంతో.)

నీ ఫుటేజీలో అలాంటి మనిషి ఒకడు ఉన్నాడు. పొలం అమ్ముదామంటే అడిగే నాథుడే లేడని చెప్పి, చెరువుకట్ట వైపు చూస్తూ ఆగిపోయిన రైతు. ఆ మౌనం మీద నువ్వు రెండు వాక్యాలు రాశావు. రెండూ కొట్టెయ్. ఆయన మాటల్లోని కడప యాసను సబ్‌టైటిల్లో పుస్తక భాషగా మార్చకు. కాలుష్య నియంత్రణ మండలి కాగితాల నకళ్ళు తీసుకుని వచ్చే ఆదివారం ఇంటికి రా; చెరువు దృశ్యానికి కొత్త వ్యాఖ్యానం కలిసి చదువుదాం.

నీ శ్రేయోభిలాషి