పాఠకుల ప్రశ్నలు: కొండ పక్క స్థలం అడవిదా, పోరంబోకా?

ప్రశ్న: కొండపల్లి కొండల అంచున 200 గజాల స్థలం బాగా తక్కువ ధరకు వస్తోంది. చెట్లేమీ లేవు. ‘ఇది అడవి కాదమ్మా, కొండ పోరంబోకు. రేపోమాపో రెగ్యులరైజ్ అవుతుంది’ అంటున్నారు అమ్మేవాళ్లు. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బయానా ఇవ్వకండి, ముందు కాగితాలు చూడండి.

చెట్లు లేనంత మాత్రాన అది అడవి కాకుండా పోదు. రిజర్వు ఫారెస్టును నిర్ణయించేది గెజిట్ నోటిఫికేషన్. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం సెక్షన్ 4 కింద ప్రతిపాదన, ఆపైన హక్కుల విచారణ, చివరగా సెక్షన్ 15 కింద ప్రకటన వస్తాయి. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి పాత అడవులకు 1882 మద్రాసు చట్టం కింద నోటిఫికేషన్లు ఉండొచ్చు. అందులో తుది ప్రకటన సెక్షన్ 16 కింద వచ్చేది. సెక్షన్ 4తో ఆగిపోయిన భూమి అయితే ఇంకా జాగ్రత్త. దాన్నీ అడవిగానే ఎంచి దూరంగా ఉండండి.

చాలామంది మోసపోయేది హద్దుల దగ్గర. పాత నోటిఫికేషన్లలో అడవి హద్దు రాళ్ల గుట్ట నుంచి రాళ్ల గుట్టకు వెళుతుంది. అటవీ శాఖ వాళ్లు వాటిని కెయిర్న్‌లు అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు. అమ్మేవాళ్లు చూపేది సర్వే నంబరు. ఆ నంబరు మధ్యలోంచి అడవి గీత పోతున్న సంగతి అడంగల్‌లో (గ్రామ భూముల రెవెన్యూ రికార్డులో) కనిపించకపోవచ్చు. కాబట్టి మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, రిజిస్ట్రేషన్ శాఖ 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని భూములది), ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) మూడూ చూశాక కూడా జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు (మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు), గడువు 30 రోజులు. ‘ఇది అడవేనా?’ అని అడిగితే అది అభిప్రాయం అడగడమని తిప్పి పంపవచ్చు. ‘ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరును ఆనుకున్న రిజర్వు ఫారెస్టు గెజిట్ నకలు, కెయిర్న్ నంబర్లున్న హద్దుల మ్యాపు ఇవ్వండి’ అని రాయండి. అప్పటికీ తేలకపోతే రెవెన్యూ, అటవీ శాఖల జాయింట్ సర్వే ఒక్కటే దారి.

ఇక రెగ్యులరైజేషన్ మాట. 1976 రాజ్యాంగ సవరణతో అడవులు ఉమ్మడి జాబితాలోకి వచ్చాయి. 1980 కేంద్ర అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, కేంద్రం ముందస్తు ఆమోదం లేకుండా రాష్ట్రం అటవీ భూమిని వేరే పనికి ఇవ్వడానికి వీల్లేదు. స్థానికంగా ఎవరు సంతకం పెట్టినా, రిజిస్ట్రేషనే జరిగినా ఆ లోటు తీరదు. కేంద్రం ఆమోదించినా బదులు అడవి పెంచాలి, అడవి నికర విలువ (పోయే అడవికి లెక్కగట్టిన పరిహారం) కట్టాలి. మీ 200 గజాల కోసం ఆ పని ఎవరు చేస్తారు?

‘ఆ 1980 చట్టానికి చేసిన 2023 సవరణలో 0.10 హెక్టారు వదిలేశారు’ అని కూడా చెబుతారు. 0.10 హెక్టారంటే సుమారు 25 సెంట్లు. ఆ మినహాయింపు రైలు మార్గం, ప్రభుత్వ రోడ్ల పక్కన నివాసాలకు దారి, ప్రయాణికుల సౌకర్యాల కోసం. ఇళ్ల ప్లాట్లకు వర్తించదు. నోటిఫై కాని భూమి సంగతికొస్తే, 1996 గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవికి నిఘంటువు అర్థమే ప్రమాణమంది. దాన్నే ప్రస్తుతానికి పాటించాలని 2024 ఫిబ్రవరి 19న మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంటే చెట్లు దట్టంగా ఉన్న పోరంబోకు కూడా అడవి కావచ్చు.

ప్రశ్న: ఉప్పలపాడులో లాగే మా ఊరి చెరువు తుమ్మచెట్ల మీదా కొంగలు గూళ్లు కట్టాయి. కొందరు కొమ్మలు నరుకుతున్నారు. ఇది అభయారణ్యం కాదు, ఏం చేయగలం?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: 1972 వన్యప్రాణి చట్టం అభయారణ్యాలను మాత్రమే కాదు, పక్షి ఎక్కడుంటే అక్కడ దాన్ని కాపాడుతుంది. ఆ చట్టంలో ‘వేట’ అంటే చంపడమొకటే అనుకోకండి. అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా వేటే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తేదీ, సమయం కనిపించేలా దూరం నుంచి ఫొటోలు తీసి ఫారెస్ట్ రేంజ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. హరిత ట్రిబ్యునల్‌కు పరుగెత్తకండి, దాని పరిధిలోని చట్టాల పట్టికలో 1972 చట్టం లేదు. పిల్లలు ఎగిరేదాకా నరుకుడు ఆపేలా పంచాయతీ చేత తీర్మానం చేయించండి. ఈ పని మాత్రం ఈ వారమే జరగాలి, గూడు కూలిపోయాక వచ్చే ఏ కాగితమూ ఆ పిల్లలను బతికించలేదు.