టెక్ సందేహాలు: దుబాయ్ నుంచి వచ్చిన గేమ్ ఆన్ అయితలేదు

"అన్నా, మా బాపు దుబాయ్‌ల పనిచేసినప్పుడు తెచ్చిన నింటెండో డాంకీ కాంగ్ గేమ్ ఉంది, మడతపెట్టేది, రెండు స్క్రీన్లు. మొన్న బీరువా సదురుతుంటే దొరికింది. కొత్త సెల్లు ఏసిన, ఏం కనవడ్తలేదు. ఇక్కడ మొబైల్ రిపేర్ షాపుల చూపిస్తే బోర్డు పోయింది అన్నరు. ఇగ పారేసుడేనా?" (జగిత్యాల నుంచి ఒక తమ్ముడు)

పారెయ్యకు తమ్మీ, జర ఆగు. ఆ షాపుల మీటర్ పెట్టి చూసిన్రా లేదా అన్నది నువ్వు రాయలే, చూడకుంటనే బోర్డు పోయింది అన్నరంటే ఆ మాట పక్కకు పెట్టు. నీ దగ్గర ఉన్నది 1982ల వచ్చిన గేమ్ అండ్ వాచ్, అంటే టైం కూడా చూపించే చేతి గేమ్, ఇప్పుడు గేమ్ కంట్రోలర్ల మీద ఎడమ దిక్కు కనవడే ప్లస్ బటన్‌ను నింటెండో వాళ్లు మొదలు పెట్టింది దీంట్లనే. లోపల షార్ప్ కంపెనీ వాళ్ల 4 బిట్ల చిప్ ఉంటది, కాల్‌క్యులేటర్ల ఖాందాన్ అది, కరెంటు తాగుడు మస్తు తక్కువ, అందుకే దీనికి ఆన్ ఆఫ్ స్విచ్చే పెట్టలే. సెల్లు ఏస్తే టైం కనవడాలె, అంతే. కనవడ్తలేదంటే సెల్లు నుంచి చిప్పు దాక ఉన్న తొవ్వల యాడనో తెగింది, ఎక్కువసార్లు ఆ తెగుడు సెల్లు పెట్టే కాడనే ఉంటది, చిప్పుల కాదు.

ముందుగాల నువ్వు ఏ సెల్లు ఏసినవో చూడు. దీనికి కావాల్సింది ఎల్ఆర్44 రెండు, ఏజీ13 అన్నా అదే, వాచీ షాపోళ్లు 357 అని ఇచ్చేది కూడా దీంట్లకు సరిపోతది, పైగ అది సిల్వర్ ఆక్సైడ్ కాబట్టి ఎక్కువ రోజులు వస్తది. చానా షాపులల్ల "అన్నీ ఒకటే" అని ఎల్ఆర్43 చేతుల పెడ్తరు, అది వెడల్పుల సేమ్ ఉంటది, 11.6 మిల్లీమీటర్లు, కానీ ఎత్తు 5.4 ఉండాల్సింది 4.2 ఏ ఉంటది, లోపల కూసున్నట్టే కూసుంటది కానీ రేకుకు అంటదు. ప్లస్ మైనస్ గుర్తులు కూడా చూసే ఏసినవు కదా?

ఇంకోటి, సెల్లు మార్చినంక ఏసీఎల్ అని రాసి ఉన్న బుల్లి బటన్ ఒత్తాలె. మస్తు మందికి తెల్వదిది. సన్న పుల్లతోని ఒత్తు, పిన్నీసు గుచ్చకు. ఒత్తంగనే స్క్రీన్ మీద బొమ్మలన్నీ ఒక్కసారి కనవడితే గేమ్ బతికే ఉన్నట్టు. బొమ్మ రాకున్నా "గేమ్ A" అని రాసి ఉన్న బటన్ ఒత్తితే టిక్ టిక్ చప్పుడు వస్తే కూడా బోర్డు మంచిగనే ఉంది, తకలీఫ్ స్క్రీన్ దిక్కు ఉంది.

ఏదీ లేకపోతే ఇగ మీటర్ పట్టు. పెద్దదేం అవసరం లేదు, కరెంటోళ్ల దగ్గర ఉండే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు, డీసీ 20 వోల్టుల మీద పెట్టి సెల్లు బయటనే చెక్ చెయ్, కొత్తది ఒక్కొక్కటి 1.5 దగ్గర చూపియ్యాలె. తర్వాత సెల్లు లోపల ఏసి వెనక మూత ఇప్పి బోర్డు మీద సెల్లు రేకులు అతికిన కాడ చూడు, 3 వోల్టులు రావాలె. అక్కడ సున్నా వస్తుందంటే దొంగ దొరికినట్టే. రేకు మీద తెల్లగ పొడి లెక్క, లేకపోతే పచ్చగ చిలుము లెక్క కనవడ్తది చూడు, తెల్లది సెల్లుల నుంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలి తగిలి గట్టివడ్డది, పచ్చది రాగిని అది తిన్న గుర్తు. సెల్లు తీసేసి, చెవుల పెట్టుకునే దూది పుల్లను వెనిగర్‌ల ముంచి పిండి, తడి తడిగ రాయి, సన్నగ నురుగు వస్తది, భయపడకు, నురుగు ఆగేదాక రాసి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని రెండు మూడు మాట్ల తుడిచి ఆరనియ్, వెనిగర్ లోపల మిగిలితే మళ్ల అదే తినుడు మొదలువెడ్తది. అయినా రేకు నల్లగనే ఉంటే స్కూల్ పిల్లల ఇంకు రబ్బర్ ఉంటది కదా, గరుకు దిక్కుతోని మెల్లగ రుద్దు, మెరుస్తది. గరుకు కాయితం పెట్టి గీకకు, పైన ఉన్న నికిల్ పూత పోతే వానాకాలం రాకముందే మళ్ల తుప్పు.

రేకు మెరిసినా కరెంటు రాకపోతే రేకుకూ బోర్డుకూ మధ్య టాకా ఊడి ఉంటది, లేకపోతే బోర్డు మీద గీత తెగి ఉంటది. మీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక్కొక్క గీత అటు చివర ఇటు చివర తాకియ్, బీప్ రాని కాడ పాత చార్జర్ కేబుల్‌ల సన్న వైరు ముక్క తీసి టాకా వెయ్. ఇది సోల్డరింగ్ చేతికి అలవాటున్నోడు చేసే పని, నీకు రాకపోతే టీవీలు బాగుచేసే పాత మెకానిక్ ఎవరన్న ఉంటే ఆయన దగ్గరికి తీస్కపో, మొబైల్ షాపుకు మాత్రం వద్దు. ఎందుకంటే అక్కడ ఏది చూసినా హాట్ ఎయిర్ గన్ తీస్తరు, ఆ వేడి స్క్రీన్‌కు తగిలిందంటే దాని మీద ఉండే పోలరైజర్ అనే పల్చటి పొర కాలి బొమ్మ కనవడకుంట అయితది.

3 వోల్టులు బోర్డు మీద మంచిగ వస్తున్నా చప్పుడు లేదు బొమ్మ లేదు అంటే నా అనుమానం క్రిస్టల్ మీద, చిప్పు నడిచేందుకు తాళం కొట్టేది అదే. 32.768 కిలోహెర్ట్జ్‌ది, సన్న వెండి గొట్టం లెక్క ఉంటది, కింద వడితే లోపల పగులుతది. ఇదైతే పరేషాన్ కావద్దు, ఖరాబైన క్వార్ట్జ్ గోడ గడియారం ఏది ఇప్పినా అదే క్రిస్టల్ ఉంటది, తీసి దీంట్ల పెట్టొచ్చు. కింది స్క్రీన్ నడిచి పైది రాకపోతే మాత్రం మడత కాడ పోయే పట్టీ తెగినట్టు, మళ్ల మళ్ల తెరిచి మూస్తే తెగుతది, దాన్ని అతికించుడు ఖష్టం, ఇంకో ఖరాబ్ గేమ్‌ల నుంచి తీసి ఏసుడే.

"మా దగ్గర 9999 గేమ్‌ల బ్రిక్ గేమ్ ఉంది, పెన్సిల్ సెల్లు కొత్తవే, స్ప్రింగులు కూడా తుడిచినం, అయినా ఆన్ అవ్వదు." (హన్మకొండ)

బ్రిక్ గేమ్ వేరే కథ. దీంట్ల ఆన్ బటన్ అసలైన స్విచ్ కాదు, కింద నల్ల కార్బన్ ఉన్న రబ్బర్ బొడిప, అది బోర్డు మీద రెండు గీతలను కలిపితేనే చిప్ లేస్తది, ఏండ్ల తరబడి ఒత్తి ఒత్తి ఆ కార్బన్ అరుగుతది. వెనక ఇప్పి, సెల్లు ఉంచి, ఆన్ బటన్ కింద ఉన్న ఆ రెండు గీతలను చిన్న వైరు ముక్కతోని ఒక్క సెకను కలిపి చూడు. ట్యూన్ వస్తే బటన్‌దే తప్పు, గీతలను ఆల్కహాల్‌తోని తుడిచి రబ్బర్ బొడిపకు 6బీ పెన్సిల్ జర రుద్దితే కొన్ని రోజులు నడుస్తది, పాత టీవీ రిమోట్‌ల నుంచి ఆ బొడిప కోసి అంటిస్తే ఎక్కువ రోజులు నడుస్తది. స్ప్రింగు నుంచి బోర్డుకు పోయే ఎర్ర నల్ల వైర్లు కూడా ఒకసారి గుంజి చూడు, పైన రబ్బర్ మంచిగనే ఉంటది లోపల రాగి పొడి పొడి అయి ఉంటది. అవి మంచిగుండి కూడా లేవకపోతే బోర్డు నడుమ నల్ల డాంబర్ చుక్క లెక్క ఉన్నదే చిప్, అది పోతే బాగుచేసుడు ఉండదు, కొత్త బ్రిక్ గేమ్ కొనుక్కో, ఆ చుక్కను గీకి టైం వేస్ట్ చేసుకోకు.

"సెల్లు కొనుడు ఎందుకు, మొబైల్ చార్జర్ వైరు కోసి గేమ్‌కు తగిలిస్తే నడుస్తదా?" (పరకాల)

నడవదు, కాలుతది. చార్జర్ ఇచ్చేది 5 వోల్టులు, ఈ గేమ్‌లకు కావాల్సింది 3. టెస్టింగ్ కోసమే అయితే రెండు పెన్సిల్ సెల్లు పట్టే డబ్బా ఒకటి కొనుక్కో, కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది, ఎర్ర వైరు ప్లస్‌కు నల్లది మైనస్‌కు మొసలి క్లిప్పులతోని పట్టియ్, గేమ్ అండ్ వాచ్ కూడా దాంతోనే నడుస్తది.