స్లీప్‌లో ఉన్న ల్యాప్‌టాప్ సంచిలో వేడెక్కుతోందా? బ్యాటరీ మార్చే ముందు ఇది చూడండి

మూత మూసి సంచిలో పెట్టిన విండోస్ ల్యాప్‌టాప్‌లో తెల్లారేసరికి ఛార్జింగ్ అయిపోతోందనీ, బయటకు తీస్తే వేడిగా ఉంటోందనీ, బ్యాటరీ మార్పించాలా అనీ మీరు అడిగారు. దయచేసి అప్పుడే మార్పించకండి. ఇదే ఇబ్బందిని నేను కొన్ని నెలలు పడ్డాను. నా విషయంలో లోపం బ్యాటరీది కాదు.

ఒక ఉదయం సంచి జిప్పు తీయగానే చేతికి వేడిగాలి తగిలింది. మూత మూసే ఉన్నా లోపల ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది. రాత్రి 84 శాతం ఉన్న ఛార్జింగ్ 9 శాతానికి పడిపోయింది.

పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్3 అనే స్లీప్‌లో ర్యామ్‌కు (తెరిచి ఉన్న పనులను తాత్కాలికంగా ఉంచుకునే మెమరీకి) తప్ప దాదాపు దేనికీ కరెంటు అందదు. ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో దాని స్థానంలో ఎస్0, అంటే మోడరన్ స్టాండ్‌బై ఉంటోంది. ఇందులో తెర ఆరిపోయినా, యంత్రం ఫోన్ మాదిరిగా నడుమ నడుమ మేల్కొని మెయిళ్లూ అప్‌డేట్లూ చూసుకుంటుంది. ఏదైనా డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) సరిగా లేక దాన్ని మళ్లీ నిద్రపోనివ్వకపోతే ప్రాసెసర్ పని చేస్తూనే ఉంటుంది, సంచిలో గాలి ఆడదు కనుక ఆ వేడి బయటకు పోయే దారి ఉండదు.

మీ యంత్రంలో ఏ రకం స్లీప్ ఉందో తెలుసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘ఏ’ అక్షరం కొట్టండి (powercfg /a). అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ఎస్0 అని వస్తే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఏ’కు బదులు ‘స్లీప్‌స్టడీ’ (sleepstudy) అని కొట్టండి, ఒక నివేదిక తయారవుతుంది. ఏ నిద్రలో ఎంత ఛార్జింగ్ ఖర్చయిందో, ఏ పరికరం మెలకువగా ఉంచిందో ఆ నివేదికలో కనిపిస్తుంది. నాకు అన్నిటికన్నా పైన వైఫై అడాప్టర్ కనిపించింది.

దాని డ్రైవర్‌ను అప్‌డేట్ చేస్తే ఖర్చు తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. చివరకు కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, మూత మూసినప్పుడు స్లీప్‌కు బదులు హైబర్నేట్ అయ్యేలా మార్చుకున్నాను. అప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో రాసుకుని యంత్రం ఆగిపోతుంది. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. ఆ తర్వాత సంచి ఒక్కసారి కూడా వేడెక్కలేదు.

బ్యాటరీ మీద అనుమానం తీరకపోతే అదే కమాండ్‌తో ‘బ్యాటరీరిపోర్ట్’ (batteryreport) తీసి, పూర్తి ఛార్జింగ్ సామర్థ్యం అసలు సామర్థ్యంకన్నా బాగా తగ్గిందేమో పోల్చి చూడండి. అయితే ల్యాప్‌టాప్ అడుగుభాగం గానీ టచ్‌ప్యాడ్ గానీ ఉబ్బినట్లు కనిపిస్తే మాత్రం ఇవేవీ ప్రయత్నించకుండా, ఛార్జర్ తీసేసి, వాడడం ఆపి వెంటనే సర్వీసుకు ఇవ్వండి.